కొమ్మకు వేళ్ళు పుట్టే విధం

తొలకరి జల్లులు పడి నేల మెత్తబడగానే ఇరుగుపొరుగుల మధ్య ఒక ఇచ్చిపుచ్చుకోలు మొదలవుతుంది. "వదినగారూ, మీ ముద్దమందారం కొమ్మ ఒకటి ఇస్తారా?" అని గోడకు ఇవతలి నుంచి ఒకామె అడుగుతుంది. "అదేం భాగ్యం, రెండు విరుచుకోండి" అని అవతలి ఆమె అంటుంది. ఆ రెండింటిలో ఒకదాన్ని అడిగినావిడ తన నూతి ప్రక్కన గుచ్చుతుంది. రెండవదాన్ని ఎదురింటివారు పట్టుకుపోయి తమ వాకిట్లో పాతుతారు. నెల తిరిగేసరికి ఒకటి చిగిర్చి నవనవలాడుతూ ఉంటుంది. రెండవది ఎండుపుల్ల అయి పొయ్యిలోకి పోతుంది. చెట్టు ఒక్కటే, కోసిన రోజు ఒక్కటే, కురిసిన వానా ఒక్కటే. మరి తేడా ఎక్కడ వచ్చింది? "ఆమె హస్తవాసి మంచిది" అని అందరూ సరిపెట్టుకుంటారు.

హస్తవాసి అన్నమాటను నవ్వి కొట్టిపారవేయ నక్కరలేదు. ఏళ్ళ తరబడి మొక్కలు నాటుతూ వచ్చిన మనిషి తనకు తెలియకుండానే కొన్ని పనులు సరిగా చేస్తుంది. ఏ కొమ్మను కోయవలెనో, ఎక్కడ కోయవలెనో, ఎన్ని ఆకులు ఉంచవలెనో, ఏ నీడన పెట్టవలెనో ఆమె చేతికి అలవాటై ఉంటుంది. అడిగితే కారణం చెప్పలేకపోవచ్చు. కాని ప్రతి పనికీ ఒక కారణం ఉన్నది. ఆ కారణం చేతిలో లేదు, కొమ్మలో ఉన్నది.

కోసిన కొమ్మలో జరిగేది

చెట్టు నుంచి వేరుచేసిన కొమ్మకు కాండం ఉన్నది, ఆకులున్నవి, మొగ్గలున్నవి. లేనివల్లా వేళ్ళే. అది బ్రతకాలంటే ఇంతవరకు తనలో ఎన్నడూ లేని ఒక అవయవాన్ని క్రొత్తగా తయారుచేసుకోవలె. జంతువులలో ఇటువంటిది అరుదు. బల్లికి తెగిన తోక తిరిగి మొలవవచ్చును కాని, తెగిన తోకకు బల్లి మొలవదు. మొక్కలలో మాత్రం తెగిన కొమ్మ చెట్టవుతుంది. రణపాలలో అయితే ఒక్క ఆకు చాలు. దాని అంచు నొక్కులలో పిల్లమొక్కలు వరుసగా లేస్తవి.

విత్తనంలోని మొదటి వేరు నుంచి గాక, కాండం నుంచో ఆకు నుంచో పుట్టే వేళ్ళను వృక్షశాస్త్రంలో అబ్బురపు వేళ్ళు అంటారు. మర్రి ఊడలు ఇవే. జొన్నచేలో మొక్క అడుగు కణుపుల నుంచి నేలలోకి దిగే ఊతవేళ్ళు ఇవే. తమలపాకు తీగ అవిసె మానును పట్టుకొని ప్రాకటానికి ఉపయోగించే వేళ్ళు కూడా ఇవే. కొన్ని మొక్కలలో ఈ వేళ్ళ బీజాలు ముందుగానే సిద్ధమై ఉంటవి. చెరకు గడను తీసుకొని కణుపు దగ్గర చూస్తే, కన్నుకు సమంగా గడ చుట్టూ చిన్న చిన్న చుక్కల వరుసలు కనపడతవి. ప్రతి చుక్కా నిద్రపోతున్న ఒక వేరు. ముచ్చెను తడినేలలో పాతటమే ఆలస్యం, అవి లేచి బయటికి వస్తవి. అందుకే చెరకు నాటటానికి ఎవరి హస్తవాసీ అక్కరలేదు.

మందారం, గులాబి, నందివర్ధనం వంటివాటికి ఈ సౌకర్యం లేదు. అవి మొదటినుంచి మొదలుపెట్టవలె. కొమ్మను కోయగానే కోతకు గురి అయిన కణాలు చచ్చి, గోధుమరంగు పొరగా ఏర్పడి గాయాన్ని కప్పుతవి. దానికి పైన ఉన్న జీవకణాలు విభజన చెంది తెల్లని మెత్తని ముద్దగా పెరుగుతవి. దీనిని కాలస్ అంటారు. కొమ్మను పీకి చూసినవారు ఈ ముద్దను చూసి "వేళ్ళు వస్తున్నవి" అని సంతోషిస్తారు. అది వేరు కాదు, పుండు మానేటప్పుడు కట్టే పక్కు వంటిది. చాలా మొక్కలలో అసలు వేరు ఇంకా లోపల, బెరడుకూ కట్టెకూ నడుమ ఉండే కాంబియం పొర దగ్గర, ఆహారాన్ని మోసే కణజాలాన్ని ఆనుకొని పుడుతుంది. అక్కడ కొన్ని కణాలు తమ పాత వృత్తిని మానుకొని, మళ్ళీ లేతకణాల వలె విభజన సాగిస్తవి. ఆ గుంపు క్రమంగా వేరు మొన ఆకారం తాలుస్తుంది; కాండంలోని నీటి గొట్టాలతో సంబంధం కలుపుకొంటుంది; చివరకు బెరడును చీల్చుకొని బయటికి వస్తుంది. రంగురంగుల ఆకుల కోలియస్ మొక్కలో ఇదంతా వారం పది రోజులలో ముగుస్తుంది. మందారానికి మూడు నుంచి ఐదు వారాలు పట్టవచ్చును.

వేళ్ళు పుట్టించే పదార్థం

కొమ్మలు నాటటం ఈనాటి విద్య కాదు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలోని వృక్షాయుర్వేద ప్రకరణంలో దానిమ్మ, ద్రాక్ష మొదలైనవాటి కొమ్మలకు పేడ పూసి నాటమని చెప్పినాడు. కాని కొమ్మకు వేళ్ళు ఎందుకు పుడతవన్న ప్రశ్నకు జవాబు దొరకటానికి చాలా కాలం పట్టింది.

ఫ్రాన్సులో దుహమెల్ ద్యు మాన్సో 1758 లో ప్రచురించిన గ్రంథంలో చెట్ల గురించి ఎన్నో ప్రయోగాలను వర్ణించినాడు. కొమ్మ చుట్టూ ఉంగరంవలె బెరడును ఒలిచివేస్తే, ఆ ఉంగరానికి పై అంచున బెరడు ఉబ్బుతుంది. తడి తగిలితే అక్కడ వేళ్ళు వస్తవి. క్రింది అంచున రావు. అంటే ఏదో ఒకటి బెరడుగుండా పైనుంచి క్రిందికి దిగుతూ, దారి తెగినచోట పోగుపడుతున్నదన్నమాట. మన తోటమాలులు జామకూ, దానిమ్మకూ గాలి అంటు కట్టేటప్పుడు చేసేది సరిగా ఇదే: బెరడు ఒలిచి, తడి నాచు గాని పీచు గాని చుట్టి, కొమ్మ చెట్టుమీద ఉండగానే వేళ్ళు తెప్పిస్తారు.

1878 లో జర్మనీలో ఫెష్టింగ్ అనే శాస్త్రజ్ఞుడు విల్లో చెట్టు కొమ్మముక్కలను తేమగల గాలిలో వ్రేలాడదీసినాడు. కొన్నిటిని నిలువుగా, కొన్నిటిని తలక్రిందులుగా. తలక్రిందులు చేసినా కొమ్మ మోసపోలేదు. చెట్టుమీద ఉన్నప్పుడు ఏది అడుగు కొనయో, ఆ కొననే ఎక్కువగా వేళ్ళు వచ్చినవి. ఏది పై కొనయో, అక్కడే మొగ్గలు చిగిర్చినవి. కొమ్మముక్కకు తన తలా కాలూ ఏవో గుర్తున్నవి! తరువాత రెండు మూడేళ్ళకే సాక్స్ అనే మరొక జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆకులలో తయారై క్రిందికి ప్రయాణించే "వేళ్ళు పుట్టించే పదార్థం" ఒకటి ఉండవలెనని ఊహించినాడు. అది ఊహ మాత్రమే. 1925 లో హాలండులో వాన్ డర్ లెక్, కొమ్మ మీది మొగ్గలను గిల్లివేస్తే వేళ్ళు తగ్గిపోతవని చూపి ఆ ఊహకు బలం చేకూర్చినాడు.

ఆ పదార్థం వేరొక దారిన చేతికి చిక్కింది. మొక్కలు వెలుగు వైపు ఎందుకు వంగుతవి అన్న ప్రశ్న మీద 1880 లో చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ కలిసి పరిశీలనలు ప్రకటించి ఉన్నారు. దాని వెంట పోయిన వెంట్ అనే హాలండు యువకుడు 1926 లో ఓట్స్ మొలకల కొనలను కోసి, అగర్ అనే జిగురు పలకమీద కొంతసేపు ఉంచి, ఆ తరువాత అగర్ ముక్కను మాత్రమే తల తెగిన మొలకమీద పెట్టినాడు. మొలక పెరిగింది! కొన నుంచి ఏదో రసాయనం అగర్‌లోకి దిగిందని తేలిపోయింది. దానికి ఆక్సిన్ అని పేరు పెట్టినారు. 1934 లో కోగ్ల్, ఆయన తోటివారు మనిషి మూత్రం నుంచి అటువంటి గుణంగల పదార్థాన్ని వేరుచేసి, అది ఇండోల్ ఎసిటిక్ ఆమ్లమని గుర్తించినారు. మొక్కల రహస్యం మూత్రంలో దొరకటం విడ్డూరమే కాని, శాస్త్రంలో ఇట్లాంటివి జరుగుతూ ఉంటవి. మరుసటి సంవత్సరమే, ప్రయోగశాలలో తయారుచేసిన ఈ ఆమ్లం కొమ్మలకు వేళ్ళు పుట్టిస్తుందని అమెరికాలో తిమాన్, కెప్‌ఫ్లీ చూపినారు. అదే 1935 లో న్యూయార్కు రాష్ట్రంలోని బాయిస్ థాంప్సన్ పరిశోధనాలయంలో జిమ్మర్‌మాన్, విల్‌కాక్సన్ అనేవారు ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం, నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం ఇంకా బాగా పనిచేస్తవని కనుగొన్నారు. ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం వెలుగుకూ, మొక్కలోని ఎంజైములకూ తేలికగా చెడిపోతుంది. బ్యుటిరిక్ ఆమ్లం ఎక్కువకాలం నిలుస్తుంది. ఈనాటికీ నర్సరీలలో వాడే "వేళ్ళ పొడి"లో సాధారణంగా ఉండేది ఇదే.

ఈ శతాబ్దంలో ఈ కథ మరికొంత ముందుకు సాగింది. ఆక్సిన్ ఒక కణం నుంచి మరొక కణానికి ఒకే దిక్కుగా దిగటానికి కణం గోడవారగా, దిగువ వైపున కొన్ని ప్రోటీనులు ద్వారపాలకులవలె నిలబడి ఉంటవని తెలిసింది. ఫెష్టింగ్ చూచిన తలా కాలూ భేదానికి మూలం అక్కడ ఉన్నది. కోత గాయం వల్ల పుట్టే జాస్మోనిక్ ఆమ్లం, కోత దగ్గర ఆక్సిన్ తయారీని పురికొల్పుతుందని 2019 లో ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కమీద చేసిన పరిశోధనలో వెల్లడి అయింది. జాస్మోనిక్ ఆమ్లం జాతికి పేరు వచ్చింది మల్లెజాతి పూల సువాసన నుంచే. గాయమే వేళ్ళకు మొదటి కబురు అన్నమాట.

ఎండటానికీ వేళ్ళు పోయటానికీ పందెం

ఇంత యంత్రాంగం కొమ్మలోనే ఉన్నప్పుడు, ఎదురింటివారి కొమ్మ ఎందుకు ఎండింది? వేళ్ళు రావటానికి నెల కావలె. ఆకుల నుంచి నీరు ఆవిరి కావటం మాత్రం కోసిన నిమిషం నుంచే సాగుతూ ఉంటుంది. దీనిని బాష్పోత్సేకం అంటారు. చెట్టుమీద ఉండగా పోయిన నీటిని వేళ్ళు ఎప్పటికప్పుడు భర్తీ చేసేవి. ఇప్పుడు కోత మొన పీల్చుకొనే కొద్దిపాటి నీరే ఆధారం. అదీ నీటి గొట్టాలలో గాలిబుడగలు, సూక్ష్మజీవులు చేరి నానాటికీ తగ్గిపోతుంది. వేళ్ళు ముందు వస్తే కొమ్మ గెలిచినట్లు. నీరు ముందు అయిపోతే ఓడినట్లు. ఇంట్లో మనిషి చేయగలిగినదల్లా ఈ పందెంలో కొమ్మకు కొంత గడువు సంపాదించి పెట్టటమే.

అట్లా అయితే ఆకులన్నీ దూసివేస్తే సరిపోదా? చాలామంది అదే చేస్తారు. కాని ఆకులలోనే ఆహారం తయారవుతుంది. లేత ఆకులూ, మొగ్గలే ఆక్సిన్‌కు పుట్టిల్లు. ఉంచితే ఎండుతుంది, తీస్తే వేళ్ళు రావు! నడిమి దారి ఒకటే. అడుగు ఆకులన్నీ తీసి, పైన రెండు మూడు ఆకులు మాత్రం ఉంచవలె; అవి మందారం ఆకులవలె వెడల్పైనవయితే సగానికి కత్తిరించవలె. మునగకు ఈ బాధ లేదు. కాయలు దిగిన తరువాత మణికట్టు లావు కొమ్మను మీటరు పొడవున నరికి, ఆకు లేకుండానే పాతుతారు. ఆ లావు కొమ్మలో పిండిపదార్థం, నీరు కావలసినంత నిల్వ ఉంటవి. పై కొన మీద పేడముద్ద పెట్టటం మన పల్లెలలో చూస్తూనే ఉంటాము. పై కోత నుంచి తడి ఆరిపోకుండా ఆ ముద్ద మూతవలె కాపాడుతుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే మాత్రం మునగకొమ్మ కుళ్ళుతుంది.

కొమ్మ ఎంపిక అన్నిటికన్న ముఖ్యం. కొనన ఉండే పచ్చి లేత రెమ్మ ఒక్క పూటలో వాడిపోతుంది. మొదట్లోని ముదురు మాను వేళ్ళు పోయటానికి మొరాయిస్తుంది. మందారానికీ, నందివర్ధనానికీ నడిమి భాగం మంచిది: వంచితే ఫెళ్ళున విరగకుండా, పూర్తిగా మెత్తగా ఒరగకుండా ఉండే పెన్సిలు లావు కొమ్మ. పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు, కణుపులు మూడో నాలుగో. విచ్చుతున్న మొగ్గలు, పూలు ఉంటే గిల్లివేయవలె. అవి ఆహారాన్ని తమవైపు లాగుకొంటవి. తెల్లవారుజామున, కొమ్మలో నీరు నిండుగా ఉన్నప్పుడు కోస్తే పందెంలో ఒక అడుగు ముందున్నట్లే. చేత్తో విరిస్తే బెరడు చీలి, నలిగిన కణాలలో బూజు చేరుతుంది. పదునైన కత్తి వాడవలె. అడుగు కోతను కణుపుకు సరిగా క్రిందుగా కోయవలె, ఎందుకంటే చాలా మొక్కలలో వేళ్ళు కణుపు దగ్గర సులభంగా పుడతవి. అడుగున ఏటవాలుగా, పైన అడ్డంగా కోసే అలవాటు ఒక విధంగా గుర్తు కోసం: పాతేటప్పుడు తల క్రిందికి పోకుండా ఉంటుంది. ఫెష్టింగ్ ప్రయోగం తెలిసినవారికి ఈ జాగ్రత్త విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక నేల. ఇక్కడ దయ చూపబోయి చంపేవారే ఎక్కువ. బలమైన ఎరువుమట్టి, రెండుపూటలా నీళ్ళు అని కొమ్మకు విందు చేస్తారు. వేరు లేని కొమ్మ ఎరువును అందుకోలేదు. అది కోరేది మూడే: తడి, గాలి, శుభ్రత. వేరు పుట్టే కణాలు చురుకుగా శ్వాసిస్తూ ఉంటవి. వాటికి ఆక్సిజన్ కావలె. నీరు నిలిచిన బంకమట్టిలో గాలి ఉండదు. కుళ్ళు తెచ్చే శిలీంధ్రాలకు మాత్రం అది నందనవనం. కడిగిన ఏటి ఇసుక అన్నిటికన్న చవుక, మంచిది. దానిలో సగానికి సగం కొబ్బరిపీచు పొట్టు కలిపితే తడి ఎక్కువసేపు నిలుస్తుంది. కుండీకి అడుగున చిల్లి ఉండటం తప్పనిసరి. వేలు పెట్టి చూసి, తడి తగులుతూ ఉంటే నీళ్ళు పోయకూడదు.

కుండీ మీద పారదర్శకమైన పాలిథీన్ సంచి గాని, అడుగు కోసిన ప్లాస్టిక్ సీసా గాని బోర్లిస్తే లోపలి గాలి తేమగా ఉండి, ఆకుల నుంచి నీరు పోవటం తగ్గిపోతుంది. పెద్ద నర్సరీలలో దీనినే మంచు గదుల రూపంలో చేస్తారు. యంత్రాలు కొద్ది కొద్ది సెకన్లపాటు సన్నని తుంపర చల్లుతూ ఉంటవి. బోర్లించిన సీసాను ఎండలో పెడితే మాత్రం లోపల కొమ్మ ఉడికిపోతుంది. వరండాలో తూర్పు వెలుగు తగిలే చోటు, లేదా చెట్టునీడ సరిపోతుంది. చీకటిగది పనికిరాదు, వెలుగు లేనిదే ఆకు ఆహారం చేయలేదు.

వేళ్ళ పొడి దొరికితే వాడవచ్చును. లేత కొమ్మలకు బ్యుటిరిక్ ఆమ్లం 0.1 శాతం, నడిమి రకానికి 0.3 శాతం, ముదురు కొమ్మలకు 0.8 శాతం ఉన్న పొడులు వాడుకలో ఉన్నవి. అడుగు మొనను తడిపి, పొడిలో అద్ది, విదిలించి, పుల్లతో ముందుగా చేసిన రంధ్రంలో పెట్టవలె. పొడి పూసిన కొమ్మను ఇసుకలోకి గుచ్చితే పొడి అంతా పైననే రాలిపోతుంది. ఎక్కువ అద్దితే ఎక్కువ వేళ్ళు వస్తవనుకోవటం పొరపాటు. మోతాదు మించితే మొగ్గలు చిగిర్చక, మొదలు నల్లబడి చచ్చిపోతుంది. తేనె, దాల్చినచెక్క పొడి మొదలైన వంటింటి మందులు బూజును కొంత అడ్డగించవచ్చునేమో కాని, హార్మోను చేసే పనిని చేయవు. తేలికగా వేళ్ళు పోసే మందారానికి అసలు ఏ మందూ అక్కరలేదు.

నాటిన పది పన్నెండు రోజులకు కొమ్మ చిగురు వేస్తుంది. ఇల్లంతా సంతోషం. మరొక వారానికి ఆ చిగురు వాలి, కొమ్మ నల్లబడుతుంది. ఎవరో దిష్టి పెట్టినారని అనుకొనేది ఇక్కడే. చిగురు వేళ్ళకు సాక్ష్యం కాదు. కొమ్మలో నిల్వ ఉన్న నీరు, ఆహారంతోనే మొగ్గ విచ్చుకొన్నది. వేళ్ళు ఇంకా రాలేదు. క్రొత్త ఆకులు ఉన్న కాస్త నీటిని ఇంకా తొందరగా ఖర్చుచేసినవి. మొదలు వెచ్చగా, పైభాగం చల్లగా ఉంటే వేళ్ళు ముందూ చిగురు వెనుకా వస్తవి. వేసవి వడగాలిలో దీనికి తలక్రిందులుగా జరుగుతుంది. అందుకే వానలు కుదురుకొన్న తరువాతి వారాలు మన ప్రాంతంలో ఈ పనికి అనువైనవి. వేళ్ళు వచ్చినవో లేదో తెలుసుకోవాలంటే కొమ్మను పీకి చూడకూడదు. అప్పుడే పుట్టిన వేరు గాజుపోగు వలె తెగిపోతుంది. రెండు వ్రేళ్ళతో నెమ్మదిగా పైకి లాగితే నేల పట్టుకొన్నట్లు అనిపిస్తే చాలు, వదలివేయవలె.

చెట్టు తల ముసలిది, కాలు పడుచుది

ఇంత శ్రద్ధ తీసుకున్నా కొన్ని చెట్లు లొంగవు. తాటికీ, కొబ్బరికీ కొమ్మలే లేవు. ఉన్న ఒక్క మొవ్వునూ కోస్తే చెట్టే పోతుంది. కరివేపాకు కొమ్మలు పాతి విసిగినవారు చాలామంది ఉంటారు. దానిని గింజల నుంచో, వేరు పిలకల నుంచో పెంచటం తేలిక. బంగినపల్లి మామిడి కొమ్మను ఎంత శ్రద్ధగా నాటినా దాదాపు వృథాయే. అందువల్లనే మామిడికి అంటు కట్టవలసి వచ్చింది: టెంక నుంచి లేచిన మొక్క వేళ్ళను ఇస్తుంది, మంచి చెట్టు కొమ్మ ఫలాన్ని ఇస్తుంది.

ఇందులో చెట్టు జాతి ఒక కారణం, వయస్సు మరొకటి. అదే జాతి మొలక రెమ్మ వేళ్ళు పోస్తుంది. కాపుకు వచ్చిన చెట్టు కొమ్మ పోయదు. ముదిరిన కాండంలో గట్టి నారకణాలు కంచెవలె ఏర్పడతవి. అంతకన్న ముఖ్యంగా, ముదిరిన కణాలు ఆక్సిన్ అందినా ఆ పిలుపుకు పలకవు. అయితే ఈ వయస్సు విషయంలో చెట్టు మనిషి వంటిది కాదు. మనిషి తల నుంచి కాలిదాకా ఒకేసారి ముసలివాడవుతాడు. చెట్టులో పై కొమ్మలు ముదురుతూ పోతవి. మొదలు మాత్రం మొలకనాటి పడుచుదనాన్ని చాలావరకు నిలుపుకొంటుంది.

ఈ వింత మన తెలుగుదేశంలోనే గొప్ప ఉపయోగానికి వచ్చింది. కాగితపు గుజ్జుకోసం జామాయిల్ తోటలు వేస్తారు. గింజల నుంచి వచ్చిన మొక్కలు ఒకదానికి ఒకటి పోలిక లేకుండా పెరుగుతవి. ఒకటి నిలువుగా లావెక్కితే ప్రక్కది గిడసబారుతుంది. భద్రాచలం వద్ద ఐ.టి.సి. వారి కాగితపు కర్మాగారం 1989 లో మేలైన చెట్లను ఎంపికచేసి కొమ్మల ద్వారా పెంచే పథకం మొదలుపెట్టింది. నిలువెత్తు చెట్టు పై కొమ్మలను కోసి నాటితే వేళ్ళు రావు. కనుక ఎంపిక అయిన చెట్టునే నరికివేసినారు! నరికిన మోడు నుంచి పిలకలు లేచినవి. మోడు చెట్టుకు కాలివంటిది కదా, ఆ పిలకలు పడుచువి. వాటి ముక్కలకు బ్యుటిరిక్ ఆమ్లం అద్ది, మంచు గదులలో ఉంచితే వేళ్ళు వచ్చినవి. ఒక చెట్టు వేల చెట్లయింది. భద్రాచలం క్లోన్లు అన్న పేరు రైతులలోకి అట్లా వచ్చింది.

ఇంట్లో కూడా ఈ సూత్రం పనికివస్తుంది. ముసలి మందారం కొమ్మలు వేళ్ళు పోయటం లేదంటే, చెట్టును మొదటికంటా నరికి, క్రింద నుంచి లేచిన పడుచు రెమ్మలు తీసుకోవలె.

ఒకే మొక్క, వేయి పెరళ్ళు

కొమ్మ నుంచి వచ్చిన మొక్క తల్లిమొక్కకు బిడ్డ కాదు. ఇద్దరు తలిదండ్రుల గుణాలు కలిసినప్పుడు గదా బిడ్డ! ఇది తల్లిమొక్కలో ఒక భాగమే, వేరే చోట నిలబడి ఉన్నది. గుండుమల్లె గింజ కట్టటం చాలా అరుదు. కనుక ఒక పెరటి మల్లె మరొక పెరటికి కొమ్మలు, అంట్ల రూపంలో చేరినదే. దాని వెనుకది ఇంకొక పెరటి నుంచి. అమ్మమ్మగారింటి నుంచి తెచ్చిన మల్లె అని చెప్పుకొనేది అక్షరాలా అమ్మమ్మగారింటి మల్లెయే. ఎప్పుడైనా ఒక మొగ్గలో జన్యుమార్పు జరిగి క్రొత్త రంగో క్రొత్త ఆకృతో వస్తే తప్ప, పూవు మారదు.

మంచి గుణం మారకుండా వచ్చినట్లే చెడ్డదీ వస్తుంది. గింజలోకి చేరలేని వైరస్ తెగుళ్ళు చాలా కొమ్మలో మాత్రం నిశ్చింతగా ప్రయాణం చేస్తవి. ముడుచుకుపోయిన ఆకులు, పసుపు మచ్చలు ఉన్న మొక్క నుంచి, అది ఎంత అందమైన పూవు పూసినా, కొమ్మ అడగకూడదు, అడిగినవారికి ఇవ్వకూడదు. రెండవ ప్రమాదం ఇంకా పెద్దది. వేల చెట్లు ఒకే చెట్టయినప్పుడు ఒక పురుగుకు లోకువైతే అన్నీ లోకువే. 2000 తరువాత దక్షిణ భారతదేశంలోని జామాయిల్ తోటలలో మిల్లీమీటరు మించి కొంచెం మాత్రమే పొడవుండే ఒక కందిరీగజాతి పురుగు వ్యాపించింది. ఆకుల ఈనెలలో గుడ్లు పెట్టి, బుడిపెలు లేపి, రెమ్మలను గిడసబార్చింది. కొన్ని క్లోన్లు విపరీతంగా దెబ్బతిన్నవి. కొన్ని దాదాపు చెక్కుచెదరలేదు. ఒకే క్లోన్‌ను ఎకరాల తరబడి నాటుకొన్న రైతుకు ఈ తేడా ఏమిటో బాగా తెలిసివచ్చింది. గింజలతో పెంచిన తోటలో ఏవో కొన్ని చెట్లయినా మిగిలే అవకాశం ఉండేది.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఉన్నత పాఠశాలలో దీనిని చూపటానికి కోలియస్ కన్న అనువైన మొక్క లేదు. ఒకే మొక్క నుంచి పది పన్నెండు సెంటీమీటర్ల రెమ్మలు ముప్పై కోయవలె. పదింటికి పైన నాలుగు ఆకులు ఉంచి కొనమొగ్గను ఉండనీయవలె. పదింటికి ఆకులు ఉంచి కొనమొగ్గను గిల్లవలె. చివరి పదింటికి ఆకులూ మొగ్గలూ పూర్తిగా తీసివేయవలె. గుంపుకొక సీసాలో, అడుగు కణుపు మునిగేటంత నీళ్ళలో పెట్టి, సీసాలకు నల్లకాగితం చుట్టవలె. లేకపోతే పాచి పడుతుంది. రెండు రోజులకొకసారి నీరు మార్చటం మరువరాదు, ఎందుకంటే నిలవనీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ప్రతి దినం అదే వేళకు ఎన్ని రెమ్మలకు వేళ్ళు వచ్చినవో, ఒక్కొక్కదానికి ఎన్నో పట్టిక వేయించవలె. ఒక్కొక్క రెమ్మతో చేస్తే ఫలితం కాకతాళీయం కావచ్చును. పదింటిలో ఎన్ని అన్నప్పుడే దానికి విలువ. సాక్స్, వాన్ డర్ లెక్ చెప్పినది నిజమో కాదో పిల్లలు ఆ పట్టికనుంచే తేల్చుకోగలరు. పని ముగిసిన తరువాత రెమ్మలను పారవేయ నక్కరలేదు. నీటిలో పుట్టిన వేళ్ళు పెళుసుగా ఉంటవి, మట్టికి అలవాటు పడి ఉండవు. అందుచేత అవి మరీ పొడవు సాగకముందే, రెండు మూడు సెంటీమీటర్లున్నప్పుడే కుండీలలోకి మార్చి, మొదటి వారం నీడలో ఉంచి, మట్టిని కాస్త ఎక్కువ తడిగా ఉంచవలె.